రద్దీకి కారణం పెరిగిన జనాభాయా, జనాన్ని మనం సర్దిన తీరా?

ప్రశ్న: మణికొండ వాసి

నమస్కారం. మా కాలనీ సంక్షేమ సంఘంలో నెల రోజులుగా ఒక వాదన తెగకుండా సాగుతోంది. విషయం తెలిసినవారు ఇక్కడ ఉంటారన్న నమ్మకంతో దాన్ని మీ ముందు పెడుతున్నాను.

నేను 2009లో హైదరాబాద్ పడమటి శివారు మణికొండలో ఇల్లు కట్టుకున్నాను. అప్పటికి అది గ్రామ పంచాయతీ, 2018లో మునిసిపాలిటీ అయింది. మా వీధి వెడల్పు 30 అడుగులు. మేము వచ్చిన కొత్తలో వీధి మొత్తానికి 14 ఇళ్ళు, మూడో నాలుగో కార్లు ఉండేవి. ఇప్పుడు ఆ స్థలాల్లో తొమ్మిదింటిలో, కింద కార్లు ఆపే స్టిల్టు, దాని మీద అయిదేసి అంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి, అంతస్తుకు రెండేసి ఫ్లాట్లు. మిగిలిన ఇళ్ళతో కలిపి 95 కుటుంబాలు. పోయిన ఆదివారం తెల్లవారుజామున, ఇంకా ఎవరూ బయటికి కదలని వేళ, స్టిల్టుల్లోనూ గోడల వారనా ఆపి ఉన్న కార్లను లెక్కపెట్టాను. 81 తేలాయి. వీధి మాత్రం అదే 30 అడుగులు; రెండు వైపులా కార్లు నిలిచాక మధ్యలో మిగిలేది పదిహేను అడుగులకు మించదు. ఉదయం ఏడున్నరకు నీళ్ళ ట్యాంకరు వెనక్కి వచ్చి సంపులోకి గొట్టం వదిలిందంటే ఇరవై నిమిషాల పాటు వీధి మూతపడినట్టే. దాని వెనక స్కూలు బస్సు, బస్సు వెనక ఆఫీసులకు బయల్దేరిన కార్లు, సందుల్లోంచి దూరి వచ్చి సరిగ్గా ట్యాంకరు చక్రం దగ్గర ఇరుక్కుపోయిన స్కూటర్లు. ట్యాంకరు కుర్రవాడు మాత్రం గొట్టం జారకుండా దాని మీద ఒక కాలు వేసి, ఇవేవీ తనకు పట్టనట్టు నింపాదిగా నిలబడి ఉంటాడు.

ఇప్పుడు కాలనీ వెనక ఉన్న ఖాళీ స్థలంలో 40 అంతస్తుల కట్టడం రాబోతోందని తెలిసింది. సంఘంలో సగం మంది దానికి అభ్యంతరం తెలుపుతూ ఉత్తరం రాయాలంటున్నారు. మిగిలిన సగం మంది చెప్పేది వేరు: జనాభా పెరుగుతున్నప్పుడు ఇళ్ళు కట్టక తప్పదు, ఇళ్ళు కడితే బండ్లు రాక తప్పవు, కనుక మనం కోరవలసింది రోడ్డు విస్తరణనూ ఒక ఫ్లైఓవరునూ అని. వినేటప్పుడు రెండూ నిజమే అనిపిస్తున్నాయి. నగరంలో రద్దీకి మూలం జనాభా పెరుగుదలేనా? అదే అయితే ఏ ప్రణాళిక వేసి మాత్రం ఏం లాభం? కాకపోతే, మా ఉత్తరంలో మేము అడగవలసినది ఏమిటి?

జవాబు: విశ్రాంత ప్లానర్

అయ్యా, నేను ముప్ఫై ఏళ్ళు పట్టణ ప్రణాళిక పటాలు గీసి రిటైరైనవాణ్ణి. ముందు జనాభా లెక్కే చూద్దాం, ఎందుకంటే అందరూ దాని పేరు చెప్పేవారే గాని విప్పి చూసేవారు తక్కువ.

217 చదరపు కిలోమీటర్ల హైదరాబాద్ జిల్లా జనాభా 2001లో 38.3 లక్షలు, 2011లో 39.4 లక్షలు. పదేళ్ళలో పెరుగుదల మూడు శాతం కన్నా తక్కువ. అదే పదేళ్ళలో చుట్టూ ఉన్న నాటి రంగారెడ్డి జిల్లా జనాభా 35.75 లక్షల నుంచి దాదాపు 53 లక్షలకు, అంటే 48 శాతం పెరిగింది. ఆ దశాబ్దంలో పంజాగుట్టలోనూ లక్డీకాపూల్‌లోనూ అబిడ్స్‌లోనూ తిరిగినవారెవరైనా అక్కడ రద్దీ మూడు శాతమే పెరిగిందంటారా? నగరం నడిబొడ్డున జనం ఇంచుమించు అంతే ఉన్నా రోడ్లు మూసుకుపోయాయంటే, అక్కడ నివసించేవారి సంఖ్య కన్నా అక్కడి గుండా పోయేవారి సంఖ్యా, వారు పోవలసిన దూరమూ, వారు ఎక్కిన బండ్ల సంఖ్యా పెరిగాయన్నమాట.

ఎందుకు పెరిగాయో చెప్పడం కష్టం కాదు. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. 2001లో దాని చుట్టూ 52 చదరపు కిలోమీటర్లకు ఒక ప్రత్యేక అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశారు. ఆ తరువాత పాతికేళ్ళ పాటు నగరంలో మంచి జీతం వచ్చే ఉద్యోగాలు అధికభాగం పడమటి దిక్కుకే పోయాయి. ఇళ్ళు మాత్రం ఎల్.బి.నగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి, ఇలా నాలుగు దిక్కులా ఉన్నాయి. పొద్దున నగరమంతా ఒక వైపుకు ఒరుగుతుంది, సాయంత్రం మళ్ళీ వెనక్కి ఒరుగుతుంది. ఈ పొరపాటును ప్రభుత్వమూ గుర్తించింది. ఐటీ సంస్థలను ఉప్పల్, కొంపల్లి వంటి దిక్కులకు మళ్ళించేందుకు 2020లో గ్రిడ్ పేరుతో ఒక విధానం ప్రకటించారు. కాని అప్పటికే బరువంతా ఒక వైపే పడిపోయింది.

ఇక మీ 40 అంతస్తుల సంగతి. మన దేశంలో చాలా నగరాల్లో ఒక స్థలం మీద మొత్తం ఎంత విస్తీర్ణం కట్టవచ్చో ఎఫ్‌ఎస్‌ఐ అనే కొలత నిర్ణయిస్తుంది. హైదరాబాద్‌లో 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవో ఆ కొలతను తీసేసింది. తరువాత 2012లో వచ్చిన 168వ నంబరు జీవో కూడా అదే బాట పట్టింది. అప్పటి నుంచి కట్టడం ఎత్తును నిర్ణయించేవి ప్రధానంగా రెండే: ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ. ముందు వంద అడుగుల రోడ్డు ఉండి, చుట్టూ వదలవలసినంత వదిలితే, అగ్నిమాపక శాఖ, విమానాశ్రయ అనుమతులకు లోబడి, ఎత్తుకు పైహద్దు అంటూ దాదాపు లేదు.

ఇందులోని లోపం నాకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గొంతులో ముల్లులా గుచ్చుకునేది. నిబంధన వీధి వెడల్పును చూస్తుంది. ఆ వీధి పోయి ఎక్కడ కలుస్తుందో చూడదు. వెయ్యి ఫ్లాట్ల సముదాయం ఒకటి అనుకోండి. ఉదయం ఎనిమిదిన్నరకూ తొమ్మిదిన్నరకూ మధ్య అందులోంచి 500 కార్లు బయటికి వస్తాయనుకుంటే అది తక్కువ అంచనాయే. సిగ్నల్ లేని రోడ్డు మీద ఒక లేనులో గంటకు 1,500 నుంచి 1,800 కార్లు పోగలవు. సిగ్నల్ ఉన్న చోట అందులో సగం కూడా పోవు. అంటే అటువంటి సముదాయాలు రెండు వచ్చేసరికి కూడలిలో ఒక లేను వాటికే చాలదు. మూడోది వచ్చినప్పుడు ఆ కూడలి గురించి అడిగే గడి దరఖాస్తు ఫారంలో ఉండదు. ఎత్తైన కట్టడాలకు ఇంపాక్ట్ ఫీజు వసూలు చేస్తారు, నిజమే. డబ్బు కట్టాక కూడలి సంగతి తీరిపోయిందని అందరూ అనుకుంటారు.

మరొక విషయం కూడా చెప్పాలి. మాస్టర్ ప్లాన్ పటంలో వంద అడుగుల రోడ్డు ఒక గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. నేల మీద అది ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఎవరి స్థలంలో కట్టడం లేస్తే వారు తమ ముందు భాగాన్ని వదులుతారు, బదులుగా టీడీఆర్, అంటే వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు, తీసుకుంటారు. పక్క స్థలం వారు ఇంకా ఏమీ కట్టలేదు గనుక వారి ప్రహరీ గోడ ఉన్నచోటనే ఉంటుంది. కొత్త కట్టడం ముందు విశాలమైన తారు రోడ్డు, అది దాటగానే గోడ, గోడ పక్కన పాత 30 అడుగుల బాట. సీసాకు బిరడా బిగించినట్టు రద్దీ అక్కడే బిగుసుకుంటుంది.

కనుక ఉత్తరంలో కట్టడాన్ని ఆపమని రాయకండి, దానికి ఎవరూ జవాబివ్వరు. ఆ రోడ్డు ప్రధాన రహదారిలో కలిసే కూడలి ఏది, రద్దీ వేళ దాని సామర్థ్యం ఎంత, ఇప్పటికే అనుమతి పొందిన కట్టడాలన్నీ నిండాక అక్కడ చేరే బండ్లు ఎన్ని, మధ్యలో తెగి ఉన్న ముక్క ఎప్పుడు తెరుస్తారు, అది తెరిచేదాకా కట్టడంలో కాపురానికి అనుమతించే పత్రం, అదే ఓసీ, ఇవ్వకుండా ఉంటారా, ఇవి అడగండి.

జవాబు: హ్యూస్టన్ నుంచి

మీ సంఘంలో ఫ్లైఓవరు కోరుతున్న సగం మందికి నా అనుభవం చెప్పాలనిపించింది. నేను హ్యూస్టన్ పడమటి శివారులో ఉంటాను. మా వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా ఉద్యోగాలకు దారి కేటీ ఫ్రీవే అనే రహదారి. దాన్ని 2008 నాటికి విస్తరించారు. పక్క రోడ్లతో కలిపి అత్యంత వెడల్పైన చోట 26 లేన్లు ఉంటాయి. ఈ విస్తరణకు చోటు కోసం పక్కనే ఉన్న పాత రైలు మార్గాన్ని కూడా కొని పట్టాలు తీసేశారు. 280 కోట్ల డాలర్ల దాకా ఖర్చయింది.

మొదటి రెండు మూడేళ్ళూ హాయిగానే ఉందని ఇక్కడి పాతవారు చెబుతారు. ఆ హాయిని చూసే జనం ఇంకా పడమటికి జరిగి ఇళ్ళు కొన్నారు, వారిలో నేనూ ఒకణ్ణి. 2011కూ 2014కూ మధ్య రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్ళీ గట్టిగా పెరిగింది. కొత్త రోడ్డు ఖాళీగా ఉందని తెలిస్తే, పూర్వం వేరే దారిన పోయేవారూ, వేరే వేళకు పోయేవారూ, అసలు బయల్దేరనివారూ అందులోకే వస్తారు. బావి లోతు చేసిన కొద్దీ చుట్టుపక్కల ఊట అందులోకే దిగినట్టు. ఆ రహదారిలో ఈనాటికీ కదులుతున్నది మధ్యలో ఉన్న టోలు లేన్లు మాత్రమే. అందులో బస్సులు పోతాయి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళే కార్లు రద్దీ వేళ ఉచితంగా పోతాయి, ఒంటరిగా కారు నడిపేవారు డబ్బు కట్టాలి.

సెలవులకు వచ్చినప్పుడు షేక్‌పేట ఫ్లైఓవరు ఎక్కాను. 2.8 కిలోమీటర్లు రెప్పపాటులో దాటి దిగాక, మిగుల్చుకున్న సమయమంతా దిగిన చోటే ఖర్చయింది.

జవాబు: పూర్వ ముంబయి వాసి

విశ్రాంత ప్లానర్ గారు చెప్పిన జనాభా లెక్కలతో నాకు పేచీ లేదు. కాని వారి మాటల్లో ఎఫ్‌ఎస్‌ఐ తీసేయడమే తప్పన్న ధ్వని వినిపించింది, దాన్ని ఒప్పుకోలేను.

నేను బోరివలిలో పన్నెండేళ్ళు ఉన్నాను. బొంబాయిలో 1964లోనే ఎఫ్‌ఎస్‌ఐ తెచ్చారు. 1991 నిబంధనల్లో ద్వీప నగరానికి 1.33, శివార్లకు 1 అని పెట్టారు. అంటే దేశమంతటి నుంచీ జనం వచ్చిపడే నగరంలో స్థలం ఎంత ఉంటే ఇంచుమించు అంతే కట్టుకోమన్నారు. జనం రావడం ఆగిందా? ఆగలేదు. ఇళ్ళ ధరలు ఆకాశాన్నంటాయి, మధ్యతరగతి వారు విరార్‌కూ కళ్యాణ్‌కూ తరలిపోయారు, రోజుకు మూడేసి గంటలు లోకల్ రైలు తలుపు దగ్గర వేలాడుతూ గడిపారు. ఎత్తు తగ్గిస్తే ఊరు అడ్డంగా పాకుతుంది. ఊరు పాకితే ప్రయాణం పొడవవుతుంది. ప్లానర్ గారు చెప్పిన రోగం కూడా అదే కదా!

సాంద్రతను చూసి భయపడవలసిన పని లేదు. సింగపూర్‌లో 730 పైచిలుకు చదరపు కిలోమీటర్లలో ఇంచుమించు 60 లక్షల మంది ఉంటారు. 2011లో జీహెచ్ఎంసీ పరిధి 650 చదరపు కిలోమీటర్లు, జనం 67 లక్షలు. పెద్ద తేడా లేదు. వారు 1975లోనే నగర కేంద్రంలోకి రద్దీ వేళ కారు తెచ్చేవారి దగ్గర రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు, 1990 నుంచి కారు కొనడానికే పదేళ్ళ పర్మిట్లు వేలం వేస్తున్నారు, 1998లో రోడ్డు రుసుమును ఎలక్ట్రానిక్ పద్ధతికి మార్చారు. ఈ మాట ఇక్కడ ఎవరైనా అనగలరా? మన దగ్గర వీధిలో కార్లు ఊరికే ఆపుకోవచ్చు. ప్రశ్న అడిగిన పెద్దమనిషి ఏమీ అనుకోకపోతే ఒక మాట: ఆయన వీధిలో సగం వెడల్పును ఆక్రమించినవి రాబోయే 40 అంతస్తుల వారి కార్లు కావు. మన కార్లే.

జవాబు: దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గం

పెద్దలందరూ కార్ల గురించే మాట్లాడుతున్నారు. కారు లేనివారి వైపు నుంచి రెండు మాటలు చెప్పనివ్వండి.

నేను రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగుతాను. ఆ ప్రయాణం గంటలోపే అయిపోతుంది. నిలబడి వెళ్ళినా, అమీర్‌పేట మెట్ల మీద భుజాలు రాసుకుంటూ నడిచినా, ఎప్పుడు చేరతానో ముందే తెలుస్తుంది. అసలు కథ రాయదుర్గంలో మొదలవుతుంది. అదే చివరి స్టేషను. నా ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, అక్కడి నుంచి ఇంకో ఆరేడు కిలోమీటర్లు. బస్సు దొరికితే బస్సు, లేకపోతే షేర్ ఆటో. కొన్ని రోజుల్లో ఈ ఆరేడు కిలోమీటర్లకే ముప్పావు గంట పడుతుంది. అవతలి వైపు ఆటో పట్టుకోవాలంటే డివైడరు మీద నాటిన కాగితపు పూల కొమ్మలు చున్నీకి తగులుకోకుండా దాటాలి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన టీ బండి, దాని పక్కన వరుసగా నిలిపిన బైకులు. నడిచేవాళ్ళం రోడ్డు మీదికే దిగుతాం, దిగినందుకు హారన్లు వింటాం.

నాతో పాటు చేరిన నలుగురిలో ముగ్గురు ఈ చివరి ముక్క పడలేకే స్కూటీ కొనుక్కున్నారు. కొనుక్కున్నాక దాన్ని మెట్రో స్టేషను దగ్గర ఆపరు కదా, ఇంటి నుంచే నడుపుకుంటూ వస్తారు. ఆరు కిలోమీటర్ల లోటు వల్ల పాతిక కిలోమీటర్ల రోడ్డు మీద మూడు బండ్లు అదనంగా చేరాయి. నగరంలో తిరిగే ఆర్టీసీ బస్సులు సుమారు 3,000. బెంగళూరులో ఆరు వేలకు పైగా ఉన్నాయి. 2023 డిసెంబరు నుంచి మా ఆడవాళ్ళకు బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది, సంతోషమే. కాని బస్సే రాని చోట ఉచితం ఏమి చేసుకుంటాం? ఫుట్‌బోర్డు మీద కూడా చోటు లేక రెండు బస్సులు వదిలేసిన రోజులున్నాయి.

మణికొండ వారి ఉత్తరంలో కూడలి సామర్థ్యం కార్ల లెక్కలోనే అడగకండి. ఆ కూడలి గుండా గంటకు ఎంతమంది మనుషులు పోతారో అడగండి. బస్సు మూడు కార్ల చోటు తీసుకుని అరవై మందిని తీసుకుపోతుంది. ఆ చోటులో మూడు కార్లు నలుగురైదుగురిని తీసుకుపోతాయి.

జవాబు: విశ్రాంత ప్లానర్

పూర్వ ముంబయి వాసి గారి అభ్యంతరం న్యాయమైనదే, నా మాట సరిదిద్దుకుంటాను. ఎత్తు మీద నాకు కోపం లేదు. మెట్రో స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో 40 అంతస్తులు కడితే నేనే సంతకం పెట్టేవాణ్ణి. మన దగ్గర జరిగింది తిరగబడ్డ వ్యవహారం: మెట్రో 69 కిలోమీటర్లు ఒక వైపు, అతి ఎత్తైన కట్టడాలు కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడలలో మరో వైపు. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి అమ్ముడుపోయింది. ఆ ధరకు కొన్నవాడు అయిదంతస్తులు కట్టడు, కట్టలేడు. అమ్మిన ప్రభుత్వమే ఎత్తుకు అనుమతి ఇవ్వాలి, రద్దీకి జవాబూ చెప్పాలి. మూడు పాత్రలూ ఒకరే వేసే నాటకంలో జవాబు చెప్పే పాత్రకు సంభాషణలు ఎప్పుడూ తక్కువే ఉంటాయి.

దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి చెప్పిన మనుషుల లెక్క మా పుస్తకాల్లో ఉంది గాని మా ఫైళ్ళలో ఉండేది కాదు. నిజాం రాష్ట్రంలో 1932లో బస్సులు మొదలైనప్పుడు 27 బస్సులతో, రైల్వే శాఖ కిందనే ప్రారంభించారు. రైలూ బస్సూ ఒకే చేతిలో ఉండేవి. ఇప్పుడు బస్సుది ఒక కార్యాలయం, మెట్రోది ఒకటి, రోడ్డుది ఒకటి, కట్టడాలది ఇంకొకటి.

ఇంకొక ఇబ్బంది ఉంది. 2031 దాకా ఉద్దేశించిన మహానగర ప్రణాళికను 2013 జనవరిలో ప్రకటించారు. 2011 తరువాత జనగణన జరగలేదు, రాబోయేది 2027లో. మణికొండలో ఈనాడు ఎంతమంది ఉన్నారన్నది అధికారికంగా ఎవరి దగ్గరా లేదు. మీరు ఆదివారం పొద్దున తిరిగి రాసుకున్న కాగితం, అయ్యా, నవ్వులాట కాదు. 95 కుటుంబాలు, 81 కార్లు అన్నది ఉత్తరానికి జతచేయండి. వీలైతే మిగిలిన వీధులవారిని కూడా లెక్కపెట్టమనండి.

ప్రశ్న అడిగినవారు: మణికొండ వాసి

అందరికీ నమస్కారాలు. నిన్న సంఘం సమావేశంలో ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. హ్యూస్టన్ వారి మాటలు విన్నాక ఫ్లైఓవరు అడగాలన్నవారు పూర్తిగా ఒప్పుకోలేదు గాని, తెగి ఉన్న రోడ్డు ముక్క సంగతి ముందు తేలాలన్నదానికి సరేనన్నారు. ఉత్తరంలో కట్టడాన్ని ఆపమని రాయడం లేదు. కూడలి పేరు రాశాం, తెగిన ముక్క కొలత రాశాం, అది తెరిచేదాకా ఓసీ ఆపాలని కోరాం, అటు నుంచి రాయదుర్గం స్టేషనుకు పది నిమిషాలకొక చిన్న బస్సు వేయాలని కోరాం. పదకొండు వీధులవారు తమ తమ వీధుల్లో ఇళ్ళూ కార్లూ లెక్కపెట్టి పట్టిక ఇస్తామన్నారు.

పూర్వ ముంబయి వాసి గారి మాట కొంచెం గుచ్చుకుంది, కాని కాదనలేను. వీధిలో ఒక వైపు మాత్రమే కార్లు ఆపాలన్న తీర్మానం పెట్టాను. ఏ వైపు అన్నదాని దగ్గర సభ గంటన్నర సాగి వాయిదా పడింది. ట్యాంకరును ఉదయం ఆరింటికే రమ్మనాలన్న తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా నెగ్గింది. దానికి అభ్యంతరం చెప్పింది ట్యాంకరు కుర్రవాడొక్కడే.